నలభై ఎనిమిది దాటని బండి

బడి బస్సుల షెడ్డు, డ్రైవర్ల గది
సోమవారం

ఒరేయ్ కొలబద్దా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామని కాగితం తీశాను. చెయ్యి రాలేదు. నేను క్షేమంగా లేను, నా నోటికి దొరికినవాళ్లు అసలే లేరు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. నేను గొంతు పెంచగానే "అక్కా, సిగ్నల్ సరిగా లేదు" అని పెట్టేసే అలవాటు నీకుంది. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. చించి పారెయ్యాలన్నా ముందు చదవాలి.

నా మీద అతివేగం కేసు పెట్టారురా. నా మీద! ఇరవై ఆరేళ్లుగా బడి పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతున్న దాన్ని. యాభై దాటకూడని కాలువ రోడ్డులో అరవై నాలుగులో వెళ్లానట. పదకొండో స్తంభం మీది కెమెరా పట్టిందట. ఫోటో కూడా పంపారు. అందులో నా బస్సుంది, నంబరుంది, కిటికీలోంచి నాలుక బయటపెట్టిన ఒక పిల్ల ఉంది. వేగం ఫోటోలో ఎక్కడ కనబడుతుంది? అది పక్కన అచ్చేసిన అంకె. అచ్చేసినంత మాత్రాన నిజమైపోతుందా?

ఆ స్తంభానికి రెండొందల మీటర్ల ముందు మలుపులో రోజూ బస్సు ఆపుతాను. ఇద్దరు కవలలు ఎక్కుతారు, ఇద్దరూ కిటికీ సీటు కోసం కొట్టుకుంటారు, వాళ్లను కూర్చోబెట్టి కదుల్తాను. నా బండికి పదిహేనేళ్లు. ఆ కాస్త దూరంలో అది అరవై నాలుగు అందుకోవాలంటే వెనకనుంచి ఎవరైనా తొయ్యాలి. రోజూ అక్కడ బండ్ల వరసలో ముప్పై ఐదులో పాకుతాం, ఏ రోజైనా రోడ్డు ఖాళీగా ఉన్నా నేను నలభై ఎనిమిది దాటను. ముల్లు అక్కడికి రాగానే నా కాలు దానంతటదే పైకి లేస్తుంది.

ఆ కెమెరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసేది మీ ఆఫీసే కదా. చిన్నప్పుడు నా జడ పొడుగు కూడా వారం వారం కొలిచి గోడ మీద రాసినవాడివి. చెప్పు. ఆ కెమెరా తప్పు చెప్పే వీలుందా, లేదా? ఉంటే ఎలా పోట్లాడాలి? అభ్యంతరం రాయడానికి నెల గడువు. వారం అప్పుడే అయిపోయింది.

అమ్మ కర్ర పట్టుకుని వంటింటి దాకా నడుస్తోంది. తుంటి విరిగి ఏడు నెలలైంది, ఇప్పుడిప్పుడే ధైర్యం వచ్చింది.

మండిపోతున్న
అక్క


కొలతల కార్యాలయం, రెండో అంతస్తు
గురువారం

అక్కా,

ఉత్తరం అందింది. అమ్మ నడుస్తోందంటే సంతోషం.

కెమెరాలన్నిటినీ ఏడాదికోసారి పరీక్షిస్తాం. సరిగ్గా ఉంటేనే ధ్రువపత్రం ఇస్తాం. యంత్రానికి నీ మీద పగ ఏముంటుంది చెప్పు. కేసు పడిన ప్రతివాళ్లూ నేను అంత వేగంగా వెళ్లలేదనే అంటారు. రోజుకి నలుగురైదుగురు మా కౌంటరు దగ్గరికొచ్చి అరిచి వెళ్తుంటారు.

నీకూ యాభై నాలుగొచ్చాయి. మన కాలు ఎక్కడుందో మనకే తెలియని రోజులుంటాయి. నిన్ను తప్పుపట్టడం లేదు. జరిమానా కట్టేసి మర్చిపో. ఎందుకొచ్చిన గొడవ? కావాలంటే నేనే కట్టేస్తాను, నువ్వు ఆఫీసు చుట్టూ తిరగొద్దు.

అన్నట్టు, స్తంభం పదకొండోదేనా? కాగితం మీద ఇంకోసారి చూడు. పద్దెనిమిదేమో.

తమ్ముడు


బడిలో, పోయిన వస్తువుల గది
సోమవారం

కొలబద్దా,

చూశాను. పదకొండే. ఒకటి పక్కన ఒకటి. నాకు కాలు ఎక్కడుందో తెలియకపోయినా కళ్లు ఎక్కడున్నాయో తెలుసు.

ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? స్కూటరు మీద వెనక కూర్చోవడానికే భయపడి నా నడుం పట్టుకుని కళ్లు మూసుకునేవాడివి. నీకు సైకిలు నేర్పింది నేను. ఈ కాలే.

ఊరికే కట్టేసి మర్చిపో అంటున్నావు, దాని అర్థం తెలుసా? జరిమానా కడితే తప్పు ఒప్పుకున్నట్టు. పిల్లల బండి నడిపేవాళ్ల మీద వేగం కేసు ఒక్కటి రుజువైనా బ్యాడ్జి పోతుంది. మళ్లీ ఇవ్వరు. అంటే ఇంక నేను లారీకో ట్రాక్టరుకో పోవాలి, లేదా ఇంట్లో కూర్చుని మీ బావ గుండీలు కుట్టుకోవాలి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట వెనకటికి ఒకడు. మీ కెమెరా ఈనింది, మీరంతా కలిసి దూడను కడుతున్నారు.

అప్పుడే బండి దించేశారు కూడా. కేసు తేలేదాకా ఈ గదిలో కూర్చోమన్నారు. మూతల్లేని నీళ్ల సీసాలు, ఒంటి బూట్లు, ఎవరివో కళ్లజోళ్లు. వాటికి చీటీలు కట్టడం నా పని. నా బస్సు ఎవడో కొత్తతను నడుపుతున్నాడు. బ్రేకు మీద నిలబడతాడు. పొద్దున్న కవలల్లో ఒకత్తి దిగి పరిగెత్తుకొచ్చి "బస్సమ్మా, ముందు సీటుకి పన్ను తగిలింది" అని చూపించింది. ఊగే పన్నేలే, పాలపన్ను. అయినా నాకు ఏడుపొచ్చింది.

గేటు దగ్గర ఒక తల్లి ఇంకో తల్లితో అంటోంది, "అరవై నాలుగులో తీసుకెళ్లిందటండీ మన పిల్లల్ని." నేను వింటున్నానని తెలుసు. గొంతు కూడా తగ్గించలేదు.

మీ బావ సంగతి సరేసరి. భోజనం ముందు కూర్చుని మెల్లిగా, "ఆ రోజు ఏమైనా తొందరలో ఉన్నావేమో గుర్తుతెచ్చుకో" అన్నాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఉప్పు కావాల్సి వచ్చి మాట్లాడాను.

నువ్వు చెప్పకపోతే నేనే తెలుసుకుంటాను. ఆ కెమెరాకి ఇచ్చిన ధ్రువపత్రం నకలు కావాలని రేపు దరఖాస్తు పెడుతున్నాను. ఎవడు సంతకం పెట్టాడో చూస్తాను. వాణ్ణి నా బస్సెక్కించి ఆ మలుపు నుంచి స్తంభం దాకా తీసుకెళ్తాను. అరవై నాలుగు చూపించమంటాను.

అక్క


కొలతల కార్యాలయం
బుధవారం

అక్కా,

దరఖాస్తు పెట్టకు. నకలు రావడానికి చాలా రోజులు పడుతుంది, ఈలోగా నీ గడువు దాటిపోతుంది. లోపల నేనే కనుక్కుంటాను. నా మాట విని ఒక్క పది రోజులు ఆగు.

పని ఒత్తిడిలో ఉన్నాను. పెద్దగా రాయలేకపోతున్నాను.

తమ్ముడు


ఇల్లు, వెనక గది
ఆదివారం

ఏమని పిలవాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం రాకముందే దరఖాస్తు పెట్టాను. చాలా రోజులు పట్టలేదు. మూడే రోజులు పట్టింది. ఇక్కడి ట్రాఫిక్ ఆఫీసు కౌంటరు గుమాస్తా మంచివాడు, నకలు తీసి ఇచ్చి, "అమ్మా, ఈ స్తంభం గురించి అడగడానికి వచ్చినవాళ్లలో మీరు మొదటివారు కాదు" అన్నాడు.

ముందు నేను చేసిన పనులు వరసగా చెప్తాను. కాలువ రోడ్డుకి వెళ్లాను. అక్కడ తారు వేసే మేస్త్రీ ఒకాయన గుంత పూడుస్తున్నాడు. పదకొండో స్తంభం దగ్గర రోడ్డు రంగు ఎందుకు వేరుగా ఉందని అడిగాను. ఏడెనిమిది నెలల కిందట నీళ్ల గొట్టం పగిలిందట, తవ్వి మళ్లీ వేశారట. "రోడ్డులో రెండు తీగలుంటాయమ్మా, బండి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి ఎంతసేపట్లో పోయిందో చూసి ఆ పెట్టె వేగం లెక్కేస్తుంది. మేం తవ్వినప్పుడు ఆ తీగలు తీసి మళ్లీ పాతాం" అన్నాడు. సరిగ్గా అదే దూరంలో పాతారా అని అడిగితే నవ్వాడు. "దానికి కొలిచేవాళ్లు వేరే ఉంటారు కదమ్మా. ఏడాదికోసారి టేపు పట్టుకుని వస్తారు."

కొలిచేవాళ్లు. టేపు పట్టుకుని.

ఇంటికొచ్చి నకలు విప్పాను. "తీగల మధ్య దూరం: రెండు మీటర్లు. స్వయంగా కొలిచితిని. ఉదయం పదకొండు నలభై." కింద సంతకం. పేరు చదవక్కర్లేదు నాకు. ఆ చివర తోక నాకు తెలుసు. ఆరో తరగతిలో నా లెక్కల మార్కుల కాగితం మీద నాన్న సంతకం పెట్టమని నిన్నే బతిమాలాను, దానికీ ఇదే తోక పెట్టి ఇద్దరికీ తన్నులు తినిపించావు.

తర్వాత తేదీ చూశాను. అమ్మ పడిన రోజు.

అలమారలోంచి ఆసుపత్రి కాగితాల కట్ట తీశాను. ఎక్స్‌రే చీటీ మీద ముద్ర పదకొండు ముప్పై ఐదు. వెంట వచ్చినవారు: కొడుకు. స్ట్రెచరు తల వైపు నువ్వు, కాళ్ల వైపు నేను. నీ చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది, నాకింకా గుర్తుంది. పనిమీద మన ఊళ్లోనే ఉన్నావు, ఎంత అదృష్టమో అని అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్తుంది. మరి పదకొండు నలభైకి ఆసుపత్రికి ఆరు కిలోమీటర్ల అవతల రోడ్డు మీద వంగి తీగలు కొలిచిందెవరురా?

నా మొదటి ఉత్తరం చదివినప్పుడే నీకు తెలుసు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుని, పైగా పద్దెనిమిదేమో చూడమన్నావు. నేనే కట్టేస్తానన్నావు. కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి? ఊరంతా నన్ను అనుమానిస్తే పోట్లాడటానికి నువ్వున్నావనుకున్నాను. నువ్వేమో నా కాలు మీదికి తోశావు.

ఇంక రాయలేను.


కొలతల కార్యాలయం ఎదురుగా, పార్కు బల్ల మీద
మంగళవారం

అక్కా,

అంతా నిజం. నువ్వు రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా కొట్టెయ్యడానికి లేదు.

ఆ రోజు నాకు ఆరో స్తంభం నుంచి పదకొండో దాని దాకా ఉన్నాయి. పదో స్తంభం దాకా సరిగ్గానే కొలిచాను. పదకొండో దాని దగ్గర బండి దిగుతుండగా నువ్వు ఫోన్ చేశావు. మూడుసార్లు. మూడోసారి నీ గొంతు వినగానే టేపు బండిలో పడేసి వచ్చేశాను. మర్నాడు వెళ్లి కొలవాలి. మర్నాడు అమ్మకి ఆపరేషను. ఆ సాయంత్రానికి మా పై అధికారి ఫారాలన్నీ కావాలన్నాడు. గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదు.

మా ఆఫీసులో ఒక అలవాటుంది. టైము లేకపోతే కిందటేడు అంకెను దించేస్తాం. "స్తంభాలు నడిచిపోతాయా ఏంటి" అని నవ్వుకుంటాం. అందరూ చేస్తారు. నేను మాత్రం పద్దెనిమిదేళ్లలో ఎప్పుడూ చెయ్యలేదు. ఆ ఒక్కసారే. స్తంభం నడవలేదు అక్కా, రోడ్డు నడిచింది. గొట్టం పగిలిన సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాల్సింది నేనే.

నీ మొదటి ఉత్తరం చదవగానే ఫారం తీసి చూశాను. చెప్పేస్తే ఉద్యోగం పోతుందనుకున్నాను. నువ్వు జరిమానా కట్టేస్తే అక్కడితో అయిపోతుందనుకున్నాను. బ్యాడ్జి పోతుందని నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. తెలిశాక కూడా పది రోజులు ఆగమని రాశాను.

ఈ ఉత్తరం నీ అభ్యంతరంతో పాటు పెట్టుకో. కింద పూర్తి సంతకం పెట్టాను. ఇది చూపిస్తే నీ కేసు కొట్టేస్తారు.

తమ్ముడు


అమ్మ మంచం పక్కన
శుక్రవారం

ఒరేయ్,

నీ ఉత్తరం ఇందులోనే మడిచి వెనక్కి పంపుతున్నాను. నాకు వద్దు.

ముందు నా వంతు. మూడుసార్లు ఫోన్ చేసింది నేను. "ఏ పనున్నా అక్కడే పారేసి రా" అన్నది నేను. నువ్వు పారేసి వచ్చావు. ఆ రోజు నువ్వు రాకపోయి ఉంటే ఇప్పటికీ నీ మొహం చూసేదాన్ని కాదు. తిలా పాపం తలా పిడికెడు అంటారే, నా పిడికెడు నేను తీసుకుంటున్నాను. మర్నాటిది మాత్రం నాది కాదు. ఆ తర్వాత ఏడు నెలలు కూడా నావి కావు.

ఇంకో మాట. గుమాస్తాని అడిగి లెక్క తెచ్చాను. అంతకుముందు ఏడాది పదకొండో స్తంభం దగ్గర పడిన కేసులు పంతొమ్మిది. ఈ ఏడు నెలల్లో మూడొందల నలభై. అందరికీ ఒక్కసారిగా కాళ్లు ఎక్కడున్నాయో తెలియకుండా పోయిందా? పాల వ్యాను నడిపే అతను మూడుసార్లు పట్టుబడ్డాడట, లైసెన్సు ఆపేశారట. భార్య పాలు నెత్తిన పెట్టుకుని నడుస్తోంది. అంబులెన్సు నేర్చుకుంటున్న ఒక అమ్మాయిని శిక్షణలోంచి తీసేశారు. వీళ్లెవరికీ కొలతల ఆఫీసులో తమ్ముడు లేడు.

నీ ఉత్తరం నేను చూపిస్తే నా కేసు ఒక్కటే కొట్టేస్తారు. "డ్రైవరమ్మ తమ్ముడు ఏదో రాసిచ్చాడు" అని ఫైలు మూసేస్తారు. మూడొందల ముప్పై తొమ్మిది మంది అక్కడే ఉంటారు. అది నాకు వద్దు. చెప్పాల్సింది నేను కాదు, నువ్వు. ఉత్తరంలో కాదు, నోటితో.

అభ్యంతరం రాసిచ్చాను, వచ్చే గురువారం పదింటికి విచారణ. వస్తే రా. రాకపోతే ఆ ఫోటో, మేస్త్రీ మాట పట్టుకుని నేనే పోట్లాడతాను. ఓడిపోతే ఒంటి బూట్లకి చీటీలు కడతాను. నీ పేరు మాత్రం నా నోట రాదు. ఆ ఎక్స్‌రే చీటీ కూడా ఎవరికీ చూపించను. ఇది నీ మీద దయతో కాదు, పళ్లు నూరుతూనే రాస్తున్నాను.

అమ్మ నీ గురించి అడుగుతోంది. బిజీగా ఉన్నాడని చెప్పాను. మన ఇంట్లో అబద్ధాలు ఎలా మొదలవుతాయో చూశావా?

అక్క


కాలువ రోడ్డు, పదకొండో స్తంభం
బుధవారం, మధ్యాహ్నం

అక్కా,

కారు ముందు భాగం మీద కాగితం పెట్టి రాస్తున్నాను. ఎండకి రేకు కాలుతోంది.

పొద్దున్న ఊళ్లోకి వచ్చాను. ఇంటికి రాలేదు. రేపు రావాలంటే ముందు ఇక్కడికి రావాలనిపించింది. మీ తారు మేస్త్రీ వచ్చి రెండో చివర పట్టుకున్నాడు. బండ్లు ఆపడానికి ఎర్ర గుడ్డ ఊపింది ఎవరనుకున్నావు, ఆ పాల వ్యాను అతను. మేస్త్రీ పిలుచుకొచ్చాడు. నేనెవరో అతనికి చెప్పాను. ఎర్ర గుడ్డ చేతికి చుట్టుకున్నాడు. తర్వాత, "సరిగ్గా కొలవండి సార్" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నాలుగుసార్లు కొలిచాం. ఒకటిన్నర మీటరు. పెట్టెకి మాత్రం రెండు మీటర్లని చెప్పి ఉంది. ఒకటిన్నర మీటరు దూరాన్ని రెండు మీటర్లనుకుని లెక్కేస్తోంది, ప్రతి బండినీ ఉన్నదానికంటే మూడోవంతు ఎక్కువ వేగంతో వెళ్లినట్టు చూపిస్తోంది.

నీ అంకె తీసుకున్నాను. అరవై నాలుగుని నాలుగు భాగాలు చేసి ఒకటి తీసేశాను.

నలభై ఎనిమిది అక్కా.

కాగితం మీద మూడుసార్లు చేశాను. మూడుసార్లూ నలభై ఎనిమిదే.

మా ఫారం మీద తప్పు అంకెను చెరపకూడదు. ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టి, తేదీ, టైము వెయ్యాలి. రెండు మీటర్లు కొట్టేశాను, ఒకటిన్నర రాశాను. కింద "ఆ రోజు నేను కొలవలేదు" అని కూడా రాశాను. ఆ గడి ఫారంలో లేదు, పక్కన ఖాళీలో రాశాను.

ఇది మీ ఇంటి తలుపు కింద వేసి వెళ్తున్నాను. మొహం చూపించలేను. రేపు పదింటికి కనబడతాను. నీ పక్కన కూర్చోను, అక్క కోసం చెప్తున్నాడంటారు. ఎదురుగా వాళ్ల వైపు కూడా కూర్చోను. నిలబడే చెప్తాను.

తమ్ముడు


బడి బస్సుల షెడ్డు, డ్రైవర్ల గది
రెండు నెలల తర్వాత, సోమవారం

ఒరేయ్ కొలబద్దా,

కేసు కొట్టేసినట్టు కాగితం వచ్చింది. ఏం రాశారో తెలుసా? "సాంకేతిక కారణముల వలన ఉపసంహరించుకొనడమైనది." అంతే. తప్పు మాదే అన్న మాట లేదు. రెండున్నర నెలలు నన్ను మూతల్లేని సీసాల మధ్య కూర్చోబెట్టినందుకు ఒక్క మాట లేదు. నాకొచ్చిన కోపానికి ఆ కాగితం చేతిలోనే కాలిపోవాల్సింది. అందరి కేసులూ తిరగేస్తున్నారని గుమాస్తా చెప్పాడు. పాల వ్యాను అతని లైసెన్సు తిరిగొచ్చింది. నిన్న ఇంటికొచ్చి అమ్మకి రెండు లీటర్లు ఇచ్చి వెళ్లాడు. అంబులెన్సు అమ్మాయి మళ్లీ చేరింది.

నిన్ను మాత్రం ఆరు నెలలు పక్కన పెట్టారని తెలిసింది. బాగా అయింది అనుకున్నాను. తర్వాత ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి దించినవాడికి ఆరు నెలలా? ఏటేటా దించేవాళ్లు రెండో అంతస్తులో ఫ్యాన్ కింద కూర్చున్నారు, సాయంత్రానికల్లా ఫారాలు కావాలన్న ఆ పెద్దమనిషి మూడో అంతస్తుకి ఎక్కాడట. దాని మీద రాద్దాం. నువ్వు వద్దన్నా నేను రాస్తాను. నాకిప్పుడు దరఖాస్తులు రాయడం బాగా వచ్చింది.

ఇవాళ మళ్లీ బండి ఎక్కాను. సీటు కొత్తతను వెనక్కి జరిపేశాడు, సరిచేసుకోవడానికే పది నిమిషాలు పట్టింది. కవలలు ఎక్కారు. ఊగిన పన్ను ఊడిపోయింది, కొత్తది వస్తోంది. అప్పుడు గేటు దగ్గర మాట్లాడిన ఆ తల్లి తన కొడుకుని ఎక్కిస్తూ నా వైపు చూడలేదు. చూడకపోయినా ఎక్కించింది. పదకొండో స్తంభం దగ్గర ముల్లు నలభై ఎనిమిదికి వచ్చింది, నా కాలు లేచింది. దాన్ని చూసి నాకే ఏడుపొచ్చింది. బస్సాపి ఏడవలేను కదా, అలాగే నడిపాను.

అమ్మకి మీ బావ చెప్పేశాడు. నేను చెప్పలేదు. అమ్మ కర్ర పక్కన పెట్టి, "వాణ్ణి క్షమించావా?" అంది. నీళ్లు కాగుతున్నాయని వంటింట్లోకి వెళ్లిపోయాను.

సంతకం నాకు పెద్ద విషయం కాదురా. భయపడ్డావు, అమ్మ కోసం పరిగెత్తావు, అది నాకు అర్థమవుతుంది. గదిలో అందరి ముందూ నిలబడి "నేను కొలవలేదు" అన్నావు, విన్నాను. కానీ నేను అబద్ధం చెప్పడం లేదని తెలిసి కూడా నా కాలు మీద రాసిన ఆ మాట ఉంది చూడు, అది నాకింకా గుచ్చుకుంటోంది. నీ ఉత్తరాలన్నీ కట్టగట్టి పెట్లో పెట్టాను. ఆ మొదటి ఉత్తరం మాత్రం బయటే ఉంచాను.

ఆదివారం రా. వచ్చి, "మన కాలు ఎక్కడుందో మనకే తెలియని రోజులుంటాయి" అన్న వాక్యం నీ చేత్తో కొట్టెయ్. చెరపకు, గీత కొట్టు. పక్కన నలభై ఎనిమిది అని రాసి సంతకం పెట్టు. తేదీ, టైము వెయ్యి.

ఈసారి నిజమైన టైము.

నీ అక్క